గుంపులో ఒక గొంతు: ‘ది కాన్వర్సేషన్’ మొదటి సీను

మిస్టరీ సినిమా అనగానే మనకి బాగా అలవాటైన మొదటి సీను ఒకటుంది. అర్ధరాత్రి, వాన, కిర్రుమనే తలుపు, మొహం కనపడని మనిషి బూట్లు, వెనకాల గుండె దడ పెంచే బ్యాక్‌గ్రౌండ్ స్కోర్. ఏదో జరగబోతోందని కెమెరా, లైటింగు, సంగీతం అన్నీ కలిసి మన చెవిలో చెబుతూనే ఉంటాయి. అన్నీ కలిసి చెప్పేశాక ఇంక మిస్టరీ ఏముంది? మిగిలేది భయం, కాకపోతే ఆత్రం.

1974లో ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొపోలా తీసిన ‘ది కాన్వర్సేషన్’ పట్టపగలు మొదలవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో యూనియన్ స్క్వేర్. క్రిస్మస్ రోజులు, ఆఫీసుల్లో భోజనాల వేళ. బ్యాండు వాయిస్తున్నారు. జనం తిరుగుతున్నారు, బెంచీల మీద కూర్చున్నారు, మూకాభినయం చేసే ఒకతను దారినపోయేవాళ్ళని అనుకరించి నవ్విస్తున్నాడు. భయపడాల్సిందేమీ లేదు. అయినా, నేను చూసినంతలో ఇంత అనుమానం పుట్టించే ఆరంభం ఇంకో సినిమాకి లేదు. ఎలా కుదిరిందన్నదే ఈ వ్యాసం. ముగింపు కూడా చెప్పేస్తాను కాబట్టి సినిమా చూడనివాళ్ళు చూసొచ్చి చదివితే మంచిది. చూసేటప్పుడు మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. టీవీ స్పీకర్లలో ఈ సినిమా సగమే ఉంటుంది.

మొదటి షాట్ దాదాపు మూడు నిమిషాలు. ఎక్కడో ఎత్తైన మేడ మీద నుంచి స్క్వేర్ మొత్తం కనిపిస్తుంది, మనుషులు చీమల్లా. కెమెరా మెల్లగా, చాలా మెల్లగా దగ్గరికి వెళుతుంది. ‘వెళుతుంది’ అన్నాను గానీ అసలు కిటుకంతా అక్కడే ఉంది. అది వెళ్ళదు. అది జూమ్. కెమెరా ఉన్నచోటే ఉంటుంది, లెన్సు మాత్రం దూరాన్ని లాగుతుంది. నిజంగా కెమెరా కదిలితే దగ్గరి వస్తువులు వేగంగా, దూరంవి నెమ్మదిగా జరుగుతాయి. రైలు కిటికీలోంచి చూస్తే కరెంటు స్తంభాలు పరిగెత్తి, కొండలు నిలబడి ఉన్నట్టు. ఆ తేడా వల్లే మనకి ‘నేను అక్కడికి వెళ్ళాను’ అన్న భావన వస్తుంది. జూమ్‌లో ఆ తేడా ఉండదు. బొమ్మ పెద్దదవుతుంది, అంతే. మనుషులు దగ్గరవుతారు గానీ మనం వాళ్ళ మధ్యలోకి రాం. ఎంత దగ్గరగా చూసినా మేడ మీదే ఉంటాం.

అంటే మొదటి క్షణం నుంచీ మనం ఆ స్క్వేర్‌లో లేం. ఎవరో ఎక్కడో కూర్చుని చూస్తున్నారు, వాళ్ళ కంట్లోంచి మనం చూస్తున్నాం. ఆ ‘ఎవరో’ ఎవరన్నది సినిమా చెప్పదు. జూమ్ ఎంత సమంగా సాగుతుందంటే దాని వెనక మనిషి చెయ్యి ఉందనిపించదు. ఆత్రం లేదు, తడబాటు లేదు, ఎవరినో వెతుకుతున్న జాడ కూడా లేదు. మనిషి చూపు అలా ఉండదు.

పోలికకి ఆర్సన్ వెల్స్ ‘టచ్ ఆఫ్ ఈవిల్’ (1958) మొదటి షాట్ గుర్తు చేసుకోండి. అదీ మూడు నిమిషాల పైచిలుకు షాటే. అక్కడ ముందు ఒక చెయ్యి టైమ్‌బాంబు ముల్లు తిప్పుతుంది, దాన్ని కారు డిక్కీలో పెడతారు, తర్వాత క్రేన్ మీది కెమెరా ఊరంతా ఆ కారుతోపాటు తిరుగుతుంది. ఏం జరుగుతుందో మనకి తెలుసు, ఎప్పుడన్నదే ప్రశ్న. అది సస్పెన్స్. కొపోలా షాట్‌లో బాంబు లేదు. ఎవర్ని చూడాలో కూడా తెలీదు. హీరో ఎవరు? ఆ కుక్కతో ఉన్నవాడా? బెంచీ మీద పేపరు చదివేవాడా? ఇన్ని వందల మందిలో కథ ఎవరిది? తెరమీద ప్రతి మనిషీ సమానంగా అనుమానితుడే. దాన్ని మిస్టరీ అంటాను నేను. (ఈ రెండు షాట్లకీ ఒక చుట్టరికం కూడా ఉంది. ‘ది కాన్వర్సేషన్’కి శబ్దం సమకూర్చిన వాల్టర్ మర్చ్, 1998లో వెల్స్ రాసిపెట్టిపోయిన మెమో ప్రకారం ‘టచ్ ఆఫ్ ఈవిల్’ని మళ్ళీ ఎడిట్ చేశాడు. ఆ మొదటి షాట్ మీంచి హెన్రీ మాన్సినీ సంగీతం తీసేసి, బార్లలోంచీ కారు రేడియోలోంచీ వచ్చే పాటల ముక్కలు వినిపించాడు.)

మన జూమ్ చివరికి ఎవరి మీద ఆగుతుంది? ముందు ఆ మూకాభినయం కుర్రాడి వెంట పోతుంది. రంగులు పూసుకున్న మొహం, నలుగురినీ ఆకర్షించే పని, కాబట్టి మన కళ్ళు సహజంగానే అతని మీదికే పోతాయి. అతను ఒకరి తర్వాత ఒకరిని పట్టుకుని అనుకరిస్తూ చివరికి పల్చటి రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో కాఫీ కప్పుతో నడుస్తున్న ఒక మామూలు మనిషి వెంటపడతాడు. ఆ మనిషి నవ్వడు, తిరిగి చూడడు, ఎలాగోలా వదిలించుకుని నడిచిపోతాడు. అతనే హ్యారీ కాల్, జీన్ హాక్‌మన్ పాత్ర. నిఘా నిపుణుడు. ఇతరుల మాటలు దొంగచాటుగా రికార్డు చేసిచ్చే వృత్తి.

హీరో ప్రవేశం ఇలా జరగడం చూసి నాకు ప్రతిసారీ నవ్వొస్తుంది. మన సినిమాల్లో హీరో బూటు నేలకి తాకగానే దుమ్ము లేస్తుంది. ఇక్కడ హీరో ఎవరో సినిమాకే తెలీనట్టు, ఒక వీధి కళాకారుడు కనిపెట్టి చూపించాడు. ఆలోచిస్తే ఆ జత కూడా ఊరికే కుదరలేదు. ఒకడు నోరు విప్పకుండా శరీరంతో బతికేవాడు. రెండోవాడు శరీరాన్ని రెయిన్‌కోట్లో దాచుకుని ఇతరుల గొంతులతో బతికేవాడు. గుంపులో తనని ఎవరూ చూడకూడదని కోరుకునే ఒకే ఒక్కడిని, చూపే వృత్తిగా ఉన్నవాడు పట్టేశాడు.

ఇంక శబ్దం. షాట్ మొదట్లో స్క్వేర్‌లోని బ్యాండు సంగీతం వినిపిస్తుంది, కొంచెం గాల్లో తేలుతూ, మేడల గోడలకి తగిలి వస్తున్నట్టు. బానే ఉంది. ఉన్నట్టుండి మధ్యలో ఒక వింత శబ్దం. పాత రేడియోలో స్టేషన్ తప్పినట్టు, గొంతులో నీళ్ళు పోసుకుని ఏదో యంత్రం మాట్లాడినట్టు. వస్తుంది, పోతుంది. మళ్ళీ వస్తుంది. నేను మొదటిసారి చూసినప్పుడు ఫైలు పాడైందేమో అనుకుని వెనక్కి తిప్పాను. తర్వాత అడిగితే ఇద్దరు ముగ్గురు మిత్రులు కూడా అదే చేశామన్నారు. 1974లో థియేటర్లో కూర్చున్నవాళ్ళు ప్రొజెక్టర్ గదివైపు తిరిగి చూసే ఉంటారు. మర్చ్ సరిగ్గా ఈ గందరగోళమే కోరుకున్నాడని నా అనుమానం. ఆ శబ్దం ఎవరిది? స్క్వేర్‌లోదా, సినిమాదా, మన మిషన్‌దా? తెరమీది శబ్దానికి సొంతదారు కనిపించేదాకా మనసు ఊరుకోదు. ఇక్కడ సొంతదారుని చూపించడానికి కొపోలా మూడు నిమిషాలు ఆగాడు.

షాట్ మారగానే మేడ కప్పు మీద ఒక మనిషి. చేతిలో పొడవాటి గొట్టం, దానికి టెలిస్కోపు. గురి చూస్తున్నాడు. తర్వాత గురిచూసే గీతల మధ్య ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఓహో, హత్య! అనుకుంటాం. కెన్నెడీ హత్య జరిగి అప్పటికి పదకొండేళ్ళే. అమెరికన్ ప్రేక్షకుడికి కిటికీలో టెలిస్కోపు ఉన్న గొట్టం అంటే ఇంకో అర్థం లేదు. ఆ తర్వాత గానీ తెలీదు అది తుపాకీ కాదు, దూరం నుంచి మాటలు లాగే మైకు అని. ఆ వింత శబ్దాలు దాంట్లోంచి వచ్చిన చెదిరిన మాటలే. ఊపిరి పీల్చుకుంటాం. అయితే గురి మాత్రం పోలేదు. సినిమా చివరికొచ్చేసరికి ఆ మొదటి అనుమానమే నిజమవుతుంది. ఆ మైకు వల్ల ఒకడు చచ్చిపోతాడు.

ఇక్కణ్ణించి సీను ముక్కలవుతుంది. రెండు దూరపు మైకులు, అవి కాక చెవిలో వినికిడి యంత్రం పెట్టుకుని, చేతిలో సంచితో ఆ జంట వెనకే నడిచే ఒకతను. వాళ్ళిద్దరూ గుంపులో ఉంటే ఎవరికీ వినపడదన్న ధైర్యంతో స్క్వేర్‌లో గుండ్రంగా తిరుగుతూ మాట్లాడుకుంటారు. దగ్గర్లో ఆగి ఉన్న వ్యానులో హ్యారీ సహాయకుడు స్టాన్ టేపులు నడుపుతుంటాడు. మాట ఒక మైకులోంచి ఇంకో మైకులోకి దూకినప్పుడల్లా గొంతు దూరం మారిపోతుంది. ఒక వాక్యం చెవి పక్కనే, తర్వాతి వాక్యం బావిలోంచి. క్రిస్మస్‌కి ఏం కొన్నావు లాంటి కబుర్లు, మధ్యలో ఒక హోటలు, ఒక గది నంబరు, మళ్ళీ కబుర్లు. బొమ్మ మాత్రం ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది. కళ్ళకి అన్నీ తెలుసు, చెవులకి సగమే తెలుసు. మామూలుగా సినిమాల్లో తిరగేసి ఉంటుంది. చీకట్లో ఏమీ కనపడదు గానీ అడుగుల చప్పుడు స్టీరియోలో వినిపిస్తుంది.

తెలుగు సినిమాలు చూస్తూ పెరిగినవాడిగా ఈ గొంతుల దూరం నన్ను మరీ పట్టుకుంది. మనది డబ్బింగు సంప్రదాయం. నటుడు కొండ మీద ఉన్నా, బస్సులో ఉన్నా, పెళ్ళిపందిట్లో ఉన్నా, గొంతు మాత్రం ఏసీ గదిలో మైకుకి జానెడు దూరంలో ఉంటుంది. లాంగ్ షాట్‌లో చీమంత కనిపించే హీరో మాట కూడా మన భుజం మీద కూర్చుని చెప్పినట్టు వినిపిస్తుంది. ఈమధ్య సింక్ సౌండ్ వాడేవాళ్ళు పెరిగారు గానీ మన చెవులు తయారైంది ఆ పద్ధతిలోనే. అందుకే గొంతుకి కూడా ఒక చోటు, ఒక దూరం ఉంటాయనీ, వాటితోనే కథ చెప్పొచ్చనీ మనకి తట్టదు. ‘ది కాన్వర్సేషన్’లో ఒకే సంభాషణ పదేపదే వస్తుంది, ప్రతిసారీ వేరే దూరంలో. మిస్టరీ అంతా ఆ దూరంలోనే ఉంది.

వ్యానులో ఒక చిన్న మాటల పోటీ జరుగుతుంది. వీళ్ళిద్దరి గురించి ఎవరికి ఆసక్తి, అసలేం మాట్లాడుకుంటున్నారు అని స్టాన్‌కి కుతూహలం. వాళ్ళేం మాట్లాడుకుంటే నాకేం, నాక్కావలసింది మంచి రికార్డింగు అన్నట్టు హ్యారీ కసురుకుంటాడు. ఇది వృత్తి నీతిలా వినిపిస్తుంది. నాకు ఆ మాట బాగా తెలుసు. కొన్నాళ్ళు నేను కస్టమర్ కాల్స్ రికార్డింగుల మీద పనిచేశాను. మాటని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్, అది ఎక్కడ తప్పుతోందో చూడటం నా పని. అర నిమిషం ముక్కలు, రోజుకి కొన్ని వందలు. ఎవరో ఒకావిడ రావలసిన డబ్బుల గురించి అడుగుతుంటుంది, వెనకాల కుక్కర్ కూత, ఒక పిల్లాడి ఏడుపు, ‘ఎవరే ఫోన్లో’ అని ఇంకో గొంతు. మాకు ఆవిడ చెప్పే ఆర్డర్ నంబరు సిగ్నల్, మిగతాదంతా నాయిస్. నాయిస్ అని గుర్తుపెట్టి ముందుకెళ్ళాలి. ఆవిడ జీవితమంతా ఉన్నది ఆ నాయిస్‌లోనే అని పని చేస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంటుంది. తెలిసినా గుర్తు అదే పెడతాం, ఎందుకంటే గడిలో ఇంకో మాట లేదు.

హ్యారీ చేసేదీ అదే. మూడు టేపులూ కలిపి, డ్రమ్ముల మోత వడకట్టి, దాని కింద నలిగిపోయిన ఒక వాక్యాన్ని పైకి తీస్తాడు. అవకాశం దొరికితే అతను మనల్ని చంపేస్తాడు అని ఆ అబ్బాయి అనే మాట. స్క్వేర్‌లో అది మనకీ దొరకలేదు, వాయిద్యాల్లో కొట్టుకుపోయింది. ఇంతకుముందు తన పని వల్ల కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారన్న బరువు హ్యారీ మీద ఉంది. దాంతో ఆ వాక్యంలో అతనికి ‘చంపేస్తాడు’ ఒక్కటే వినిపిస్తుంది. అయ్యో, ఈ పిల్లలిద్దరూ బలైపోతారు అనుకుంటాడు. చివర్లో హోటల్లో చచ్చిపోయేది ఆ అమ్మాయి భర్త, హ్యారీకి ఈ పని అప్పజెప్పిన డైరెక్టరే. చంపినవాళ్ళు ఆ ‘పిల్లలే’. అప్పుడు అదే వాక్యం మళ్ళీ వినిపిస్తుంది, ఒత్తు ఈసారి ‘మనల్ని’ మీద. వాడు చంపేది మనల్ని, కాబట్టి మనమే ముందు... అన్నట్టు.

ఈ ఒత్తు మార్పు గురించి ఒక విషయం చెప్పాలి. అది టేపులోని మాట కాదు. షూటింగులో రేడియో మైకులు గోలగోలగా పట్టాయని, మర్చ్ ఆ ఇద్దరు నటుల్నీ ఒక నిశ్శబ్దమైన పార్కుకి తీసుకెళ్ళి సంభాషణ మళ్ళీ రికార్డు చేశాడు. అప్పుడొక టేకులో ఫ్రెడరిక్ ఫారెస్ట్ ఆ వాక్యాన్ని వేరే ఒత్తుతో పలికాడు. పనికిరాదని పక్కన పెట్టిన ఆ టేకుని తర్వాత ఎడిటింగులో మర్చ్ ముగింపు కోసం తీసి వాడాడు. అంటే ప్రేక్షకుణ్ణి మోసం చేశారా? చేశారు. టేపు మారదు, టేపులో ఒత్తు మారడం అసాధ్యం, ఇంజనీర్‌గా నాకిది కొంత గుచ్చుకుంటుంది కూడా. కానీ మొదటి సీను ఈ మోసానికి ముందే అనుమతి తీసుకుంది. ఎవరి చెవితో వింటున్నామో తెలియకుండా మూడు నిమిషాలు కూర్చోబెట్టి, ఇక్కడ వినపడేదేదీ గాల్లోంచి నేరుగా వచ్చింది కాదు, ఏదో ఒక యంత్రమో ఒక మనసో వడకట్టి ఇచ్చినదే అని చెప్పేసింది. మనమే పట్టించుకోలేదు.

ఈ వాక్యాన్ని తెలుగు సబ్‌టైటిల్‌గా రాయమంటే ఏం చేయాలి అని చాలాసార్లు ఆలోచించాను. గొంతు ఒత్తుతో ఇంగ్లీషు చేసే పనిని మనం ఒక్క ‘ఏ’తో చేస్తాం. మొదట ‘మనల్ని చంపేస్తాడు’, చివర ‘మనల్నే చంపేస్తాడు’. ఒక్క దీర్ఘం అంతే, రహస్యం మొత్తం బయటపడుతుంది, మోసం కూడా. అసలు చిక్కు అంతకుముందే వస్తుంది. ఇంగ్లీషులో ఉన్నది ఉత్త ‘హీ’. ఎవరో మగవాడు, అంతవరకే. తెలుగులో వాడు, అతను, ఆయన, వీటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ అమ్మాయి ‘ఆయన’ అంటే మొగుడని తేలిపోతుంది. కుర్రాడు ‘వాడు’ అంటే పగ కనిపిస్తుంది. ‘చంపేస్తారు’ అని మర్యాదకి పోతే హాల్లో నవ్వుతారు. వాక్యంలోంచి ఆ మాటే తీసేసి ‘అవకాశం దొరికితే చంపేస్తాడు మనల్ని’ అని తప్పించుకోవచ్చు, నేనైతే అదే చేస్తాను. కొపోలా యూనియన్ స్క్వేర్ మీద అంత ఎత్తు నుంచి కాపాడుకున్న దూరాన్ని మన సర్వనామం ఒక్కటి చెరిపేయగలదు.

ఈ సీనుని కెమెరా పనితనంగా మాత్రమే మెచ్చుకునేవాళ్ళున్నారు. యూనియన్ స్క్వేర్ తీసింది హాస్కెల్ వెక్స్‌లర్, తర్వాత అతన్ని తీసేస్తే మిగతా సినిమా బిల్ బట్లర్ తీశాడు, ఆ జూమ్ ఎంత కష్టం వగైరా. అవన్నీ నిజమే. వాటర్‌గేట్‌తో ముడిపెట్టడం ఇంకో రివాజు. నిక్సన్ రాజీనామా చేసింది 1974 ఆగస్టులో, సినిమా అంతకుముందే వచ్చింది, స్క్రిప్టు ఇంకా పాతది. ఆ పోలిక వల్ల సినిమాకి గిరాకీ పెరిగి ఉండొచ్చు గానీ సీను అర్థం మాత్రం చిన్నదైపోతుంది. ఇది ప్రభుత్వం మన మాటలు వింటుందన్న భయం గురించిన సీను కాదు. వింటున్నది మనం. మేడ మీద ఉన్నది మనం. ఆ జంట ఏం దాస్తోందో తెలుసుకోవాలని వాళ్ళ మాటల్లో ‘పనికొచ్చే ముక్క’ కోసం చెవులు రిక్కించింది మనం.

అలా రిక్కించినప్పుడు ఏది జారిపోయిందో రెండోసారి చూసినప్పుడు గానీ తెలీదు. స్క్వేర్‌లో ఒక బెంచీ మీద ఎవరో దిక్కులేని మనిషి పడుకుని ఉంటాడు. నడుస్తూ నడుస్తూ ఆ అమ్మాయి అతన్ని చూసి ఆగుతుంది. ఇలాంటివాళ్ళని చూసినప్పుడల్లా, ఇతనూ ఒకప్పుడు ఎవరికో ముద్దుల కొడుకే కదా, ఆ అమ్మానాన్నలు ఇప్పుడెక్కడున్నారో అనిపిస్తుందని అంటుంది. కథకి అవసరం లేని మాట. హోటలు పేరు కాదు, గది నంబరు కాదు. మొదటిసారి నేను దాన్ని నాయిస్ కింద వదిలేశాను, హ్యారీ కూడా వదిలేశాడు. సినిమా మధ్యలో, తన వర్క్‌షాపులో పడుకుని ఉన్నప్పుడు టేపులో ఆ మాట మళ్ళీ వస్తే, అది తన గురించే అన్నట్టు వింటాడు. కొన్ని రోజుల్లో మొగుణ్ణి చంపించబోయే మనిషి, దారిలో ఒక అపరిచితుడి మీద అంత జాలిపడింది. రెండూ ఆవిడే. మైకు రెండింటినీ ఒకే స్పష్టతతో పట్టింది.